మొయినాబాద్ ఇంట్లో పాముల బెడద ఇలా తగ్గించాం

మొయినాబాద్ వైపు పొలంలోనే ఉంటున్నాం. వానలు మొదలవగానే మోటారు గది దగ్గర రక్తపింజర, వీపు మీద గొలుసుకట్టు మచ్చలు, కుక్కర్ ఆవిరిలా బుస. పక్క పొలం పెద్దాయన కర్ర ఎత్తితే ‘వద్దు బాబాయ్’ అని ఆపి, దూరం నుంచి కన్నేసి ఉంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేశాం, వాళ్లే వచ్చి పట్టుకెళ్లారు.

అసలు పని ఆ తర్వాతే. పాములొచ్చేది ఎలుకల కోసం కాబట్టి దాణా అంతా మూత డ్రమ్ముల్లోకి మార్చి, గోడకి ఆనించిన కట్టెలు, పాత పెంకులు తీసేసి, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, తూములకి జాలీ కొట్టించాను (వెల్లుల్లి చల్లమనే సలహాలు దండగ). కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు, అందుకే నేల మీద పడక మానేసి మంచం, దోమతెర. కాటేస్తే బిగించి కట్టడం, కోయడం, పసరు ఏవీ వద్దు, కాలు కదపకుండా నేరుగా యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికే.