విమానాన్ని కొలిచి చదువుదాం – మూడవ పాఠం: నీడను బట్టి రెక్క, రెక్కను బట్టి వేగం

గత రెండు పాఠాలలో విమానాన్ని ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి చూసినట్టుగా మూడు బొమ్మలు గీయడం, వాటికి స్కేలు నిర్ణయించడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో మనం నేల మీదే నిలబడి రెక్క వైశాల్యాన్ని కొలిచి, ఆ విమానం గాలిలో నిలవడానికి ఎంత వేగం తప్పనిసరో లెక్కగడదాం. టేపు, సుద్దముక్క, నోటుపుస్తకం, క్యాలిక్యులేటరు ఉంటే చాలు. ప్లస్ టూ సైన్సు చదువుతున్నవారికి ఇందులో కొత్త గణితం ఏదీ లేదు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు విద్యార్థులకు రైలులో వెళ్లిరాగల విమాన మ్యూజియం విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142. జలాంతర్గాములను వెతికి పట్టడానికి మన నౌకాదళం 1988 నుంచి 2017 వరకు వాడిన విమానాలలో అది ఒకటి. బరంపురం, ఛత్రపురం వారికి భువనేశ్వర్ దగ్గర పడుతుంది; అక్కడి విమానాశ్రయం వద్ద బిజూ పట్నాయక్ పేరుతో ముడిపడిన డకోటా విమానం ఉంది. 1947లో ఆయన ఇండోనేషియా నాయకుడు షహ్రీర్‌ను డచ్చివారి దిగ్బంధం దాటించి తీసుకువచ్చింది డకోటాలోనే. కార్యశాల పేరుతో ఇలాంటి యంత్రం ఎదుటకు తీసుకువెళ్లి, పదిహేడేళ్ల విద్యార్థి చేత కూడా కాగితపు విమానం మడతపెట్టించి, ఫోటో తీయించి పంపేయడం ఆ విద్యార్థికీ, ఆ యంత్రానికీ అన్యాయమని నా అభిప్రాయం. పెద్ద తరగతులవారికి నిర్వహించే కార్యశాలలో వారి చేతికి ముందుగా అందవలసినది టేపు.

అయితే రెక్క తలకు ఎంతో ఎత్తున ఉంటుంది, పైకెక్కి కొలవనివ్వరు. అందుకు నీడ సహాయపడుతుంది. సూర్యకిరణాలు మన దాకా వచ్చేసరికి దాదాపు సమాంతరంగా ఉంటాయి కాబట్టి, నేలకు సమాంతరంగా ఉన్న ఏ పలుచని వస్తువు నీడైనా చదునైన నేల మీద అదే ఆకారంలో, అదే పరిమాణంలో పడుతుంది. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు నీడ పక్కకు జరుగుతుందే తప్ప పెరగదు, తరగదు. నిలబెట్టిన కర్ర నీడ పొద్దున సాగి మధ్యాహ్నానికి కుంచించుకుపోవడం చూసి చూసి, అన్ని నీడలూ అంతేనని చాలామంది అనుకుంటారు. ఆ అనుమానం తీరాలంటే ఈ ప్రయోగం ఇంటివద్దే చేయాలి.

గట్టి అట్టను మూరెడు పొడవున రెక్క ఆకారంలో కత్తిరించండి. ఉదయం తొమ్మిది గంటలకు డాబా మీద దానిని నడుము ఎత్తున, నేలకు సమాంతరంగా ఒకరు పట్టుకోగా, మరొకరు నీడ అంచు వెంబడి సుద్దతో గీయాలి. మధ్యాహ్నం అక్కడే మరోసారి గీయాలి. తర్వాత అట్టను రెండు గీతల మీదా పెట్టి చూస్తే రెండింటికీ సరిపోతుంది. నీడ అంచు కత్తితో కోసినట్టు ఉండదు. చుట్టూ సన్నని మసక పట్టీ కనబడుతుంది. సూర్యబింబం మనకు అర డిగ్రీ వెడల్పున కనిపించడమే దానికి కారణం. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు వస్తువు నేల నుంచి మీటరు ఎత్తున ఉంటే ఆ పట్టీ సుమారు 9 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎత్తు పెరిగిన కొద్దీ అదే లెక్కన పెరుగుతుంది. మీ గీత ఆ మసక నడుమ పడాలి. ఇప్పుడు అట్టను ఒక పక్కకు కొద్దిగా వంచి మళ్లీ గీస్తే నీడ ఆకారం మారుతుంది. నిజమైన రెక్కలలోనూ కొంత వాలు ఉంటుంది కనుక, పొద్దు బాగా పైకి వచ్చిన వేళ కొలిస్తే తప్పు తగ్గుతుంది. విశాఖలో మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి రోజులలోనూ మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. మ్యూజియం వేళలు కూడా కలిసివస్తే అంతకు మించిన అదను లేదు.

మ్యూజియంలో నీడ అంతా చదును నేల మీద పడకపోవచ్చు. ఒక వైపు రెక్క నీడ శుభ్రంగా పడినా చాలు, దానిని కొలిచి రెట్టింపు చేయవచ్చు. సిబ్బంది అనుమతి అడగకుండా నేల మీద సుద్ద గీతలు గీయవద్దు. అనుమతి లేకపోతే నీడ మూలల వద్ద చిన్న రాళ్లు పెట్టి, కొలత పూర్తికాగానే తీసివేయండి. నీడ కదులుతూనే ఉంటుంది కనుక నాలుగు మూలలనూ ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి గుర్తించాలి.

వైశాల్యానికి మూడు కొలతలు కావాలి: రెక్కల కొన నుంచి కొనకు దూరం, విమానం దేహం వద్ద రెక్క వెడల్పు, కొన వద్ద రెక్క వెడల్పు. రెండు వెడల్పుల సగటును కొనల మధ్య దూరంతో గుణిస్తే వైశాల్యం వస్తుంది. దేహంలో దాగిన భాగాన్ని కూడా రెక్కలో కలిపి లెక్కించడమే విమాన ఇంజినీర్ల ఆనవాయితీ. ఎక్కువమంది తప్పు చేసేది వెనక్కి వాలిన రెక్క దగ్గర. టీయూ-142 రెక్క సుమారు 35 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. వెడల్పును దేహానికి సమాంతరంగా కొలిచి, పొడవును మాత్రం రెక్క వాలు వెంబడి కొలిస్తే వైశాల్యం 22 శాతం ఎక్కువ వస్తుంది. కాబట్టి వెడల్పు దేహానికి సమాంతరంగా, పొడవు దేహానికి లంబంగా కొలవాలని పుస్తకంలో ముందే రాసుకోండి. టీయూ-142 రెక్కల కొనల మధ్య దూరం సుమారు 50 మీటర్లు, రెక్క వైశాల్యం సుమారు 290 చదరపు మీటర్లు. అంటే సగటు వెడల్పు 5.8 మీటర్లు. మీ జవాబు దీనికి ఐదు శాతం అటూ ఇటూగా వస్తే కొలత బాగా కుదిరినట్టే.

ఇక వేగం. సముద్రమట్టం వద్ద ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు ఉంటుంది. రెక్కను గాలి పైకి ఎత్తే బలమే లిఫ్ట్. లిఫ్ట్ సూత్రంలో ఆ విలువనూ, గురుత్వ త్వరణాన్నీ పెట్టి సరళం చేస్తే చక్కని రూపం వస్తుంది: చదరపు మీటరు రెక్క మీద పడే కిలోల బరువును లిఫ్ట్ గుణకంతో భాగించి, వర్గమూలం తీసి, 4తో గుణిస్తే, సెకనుకు మీటర్లలో కనీస వేగం. అంతకన్నా తగ్గితే రెక్క బరువు మోయలేదు. లిఫ్ట్ గుణకం అంటే ఒకే వేగంలో ఏ రెక్క ఎంత బాగా బరువు ఎత్తగలదో చెప్పే సంఖ్య. ఫ్లాపులు, అంటే రెక్క వెనుక అంచున కిందికి దించే పలకలు, దించిన రెక్కకు దానిని ఉజ్జాయింపుగా 1.5 అనుకుందాం.

టీయూ-142 గరిష్ఠ బరువు 185 టన్నులు. చదరపు మీటరుకు 638 కిలోలు పడతాయి. కనీస వేగం సెకనుకు 82 మీటర్లు, గంటకు దాదాపు 297 కిలోమీటర్లు. డకోటా బరువు సుమారు 11,400 కిలోలు, రెక్క 91.7 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 124 కిలోలే కనుక గంటకు 131 కిలోమీటర్లు సరిపోతాయి. అదే డకోటా చిన్న మట్టి మైదానాలలో కూడా ఎందుకు దిగగలిగేదో, టీయూ-142కు పొడవైన రన్‌వే ఎందుకు కావలసివచ్చేదో ఈ రెండు అంకెలే చెబుతాయి. వర్గమూలం వల్ల మనకు మరో మేలు ఉంది: వైశాల్యంలో ఐదు శాతం తప్పు పడినా వేగంలో తేడా రెండున్నర శాతమే.

కొరాపుట్, సునాబెడ విద్యార్థులు ఒక సవరణ చేసుకోవాలి. ఆ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి సాంద్రత ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. అక్కడ ఇదే విమానానికి కనీస వేగం సుమారు నాలుగు శాతం ఎక్కువ కావాలి.

అభ్యాసం: ఇంధనం కొంత ఖర్చయి టీయూ-142 బరువు 140 టన్నులకు తగ్గింది. సముద్రమట్టం వద్ద దాని కనీస వేగం ఎంత? గంటకు 258 కిలోమీటర్లకు దగ్గరగా వస్తే మీ లెక్క సరైనదే. తరువాత అదే బరువుకు కొరాపుట్ ఎత్తున ఎంత వేగం కావాలో కట్టి ఉంచుకోండి. వచ్చే పాఠంలో ఆ వేగాన్ని అందించే ప్రొపెల్లర్లను, ఒక్కో ఇంజినుకు ఎదురెదురు దిశలలో తిరిగే జంటను, కొలుద్దాం.