ఆరు చుక్కల నేల పురుగును గుర్తుపట్టడం ఎలా?

తొలకరి పడ్డాక సాయంత్రం పూట గుట్టల వెంట నడిస్తే, ఒంటి మీద తెల్ల చుక్కలున్న పెద్ద నల్ల పురుగు కాళ్ల ముందు నుంచే పరుగెత్తడం కనిపించవచ్చు. దీని శాస్త్రీయ నామం ఆంథియా సెక్స్‌గుట్టాటా. 1775లో డెన్మార్క్ పురుగుల శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ దీన్ని వర్ణించాడు.

1. ముందుగా, పట్టుకోకండి. బెదిరితే పొట్ట చివర నుంచి ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతుంది. కొన్ని చీమల్లో ఉండేదీ అదే. మొహం దగ్గర పెట్టి చూడొద్దు, పిల్లలకైతే మరీ జాగ్రత్త. కంట్లో పడితే వెంటనే నీళ్లతో బాగా కడిగి డాక్టర్‌కి చూపించాలి.

2. చుక్కలు లెక్కపెట్టండి. తల వెనకున్న భాగం మీద రెండు, వీపు మీద నాలుగు. పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లు.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఎండుటాకుల్లో చుక్కల పురుగు కనిపించగానే ఇదేనని సంబరపడి నలుగురికీ ఫోటో పంపేశాను. తీరా లెక్కపెడితే ఏడు చుక్కలు! అది థేరియా అనే అడవి బొద్దింక. మన పురుగు వేషం వేసుకుని శత్రువుల్ని దడిపిస్తుందంటారు. అది గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. చుక్కల లెక్క తేలకపోతే వీపు చూడండి: బొద్దింక రెక్కలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, మన పురుగు రెక్కల పెంకులు మాత్రం నడుమ గీత గీసినట్టు తిన్నగా కలుస్తాయి. ఆ పెంకులు అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి ఇది ఎగరలేదు.

3. తల చూడండి. ముందుకు పొడుచుకొచ్చిన కోరలు, దారంలాంటి మీసాలు ఉండాలి. ఇది వేటాడే జీవి, చిన్న పురుగుల్ని తింటుంది.

4. చోటు రాసుకోండి. దక్షిణ భారతంలో ముళ్ల తుప్పలున్న మెట్ట నేలల్లో వెతకాలి. ఎక్కువగా పొద్దుగూకాక తిరుగుతుంది. మట్టి రంగు, చుట్టూ ఉన్న చెట్లు, టైమ్, తేదీ అక్కడికక్కడే రాయండి, ఇంటికెళ్లాక గుర్తుండదు.

5. ఫోటోలు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి చాలు. దూరం నుంచే దాని పక్కన రూపాయి బిళ్ల పడేస్తే సైజు తెలుస్తుంది. జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు సరిచూస్తారు.

పగలు వెతికేవాళ్లు రాయి ఎత్తాల్సి వస్తే మీ వైపుకి వంచి ఎత్తండి, కింద తేలుంటే అవతలికి పోతుంది. చూశాక ఎలా ఉందో అలాగే పెట్టేయండి.