సోల్డరింగ్ నేర్చుకుందాం – 4: జారిన ఐరన్‌ను పట్టుకోవద్దు

పోయిన పాఠంలో సోల్డరింగ్ ఐరన్‌తో లెడ్ (తగరం, సీసం కలిసిన తీగ) కరిగించి రెండు రాగి తీగలు అతకమన్నాను. అతుకుల ఫొటోలతో పాటు కాలిన చేతుల ఫొటోలూ వచ్చాయి. చూసి చాలా బాధేసింది. చెయ్యి కాపాడుకోవడం ముందే చెప్పాల్సింది. అందుకే ఈ వారం సర్క్యూట్ బోర్డు జోలికి పోవడం లేదు.

ముందు కాలినవాళ్ల సంగతి. మిర్యాలగూడ నుంచి ఒకాయన టూత్‌పేస్ట్ రాశారట, పాలమూరు తమ్ముడు ఐసు పెట్టాడట. రెండూ వద్దు. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేసి, 20 నిమిషాలు చల్లని నీళ్లు పారించండి. మన నల్లగొండ ఎండలకు మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి కాబట్టి రంజన్‌లోని నీళ్లు చెంబుతో పోసుకోండి. బొబ్బ చిదమొద్దు. చర్మం తెల్లబడి నొప్పి తెలియకపోతే వెంటనే దవాఖానకు పోవాలి.

ఆ ఫొటోల్లో ఎక్కువ కాలింది అరచేతులే. అతుకు వేసేటప్పుడు అరచెయ్యి కాలదు. జారుతున్న ఐరన్‌ను పట్టుకుంటేనే కాలుతుంది. మనం వాడే లెడ్ 183 డిగ్రీలు దాటగానే కరగడం మొదలవుతుంది, బిట్ (ఐరన్ మొన) మాత్రం 300 నుంచి 400 దాకా వేడెక్కి ఉంటుంది. గ్లాసు జారినా, ఫోన్ జారినా చటుక్కున పట్టుకోవడం మనకు చిన్నప్పటి అలవాటు. ఐరన్ జారినప్పుడు కూడా ఆలోచించేలోపే చెయ్యి పోతుంది. పడనివ్వండి! కింద ఉన్నది షాబాద్ బండ. బిట్ వంగితే కొత్తది దొరుకుతుంది. చేతులు వెనక్కి, కాళ్లు వెనక్కి. తర్వాత స్విచ్ ఆపి, హ్యాండిల్ పట్టుకుని తీయండి.

అసలు అది పడేది వైరు వల్ల. మోకాలు తగిలితే చాలు, స్టాండుతో సహా వస్తుంది. నేనైతే వైరును బల్ల వెనక అంచుకు బట్టల క్లిప్పుతో బిగిస్తాను. ఫ్యాన్ ఆపేసి పని చేస్తే చెమటకు హ్యాండిల్ జారుతుంది. గాలి బిట్‌కు తగలకుండా ఫ్యాన్‌ను పక్కకు తిప్పుకోండి, పొగ కూడా ముఖానికి రాదు. కరెంటు పోతే మొదట ప్లగ్ పీకండి.

అభ్యాసం: ప్లగ్ పీకి, పూర్తిగా చల్లారిన ఐరన్‌ను బల్ల అంచున పెట్టండి. కింద బొంత పరవండి. ఇంట్లో ఎవరినైనా చెప్పకుండా వైరు లాగమనండి. వరుసగా 50 సార్లు చెయ్యి ముందుకు పోకూడదు. ఒక్కసారి పోయినా లెక్క మళ్లీ ఒకటి నుంచి.