గుండె మందులు, ఆస్తమా ఇన్‌హేలర్ కలిపి వాడేవారు చూసుకోవలసినవి

ఆస్తమాకు ఇన్‌హేలర్ పీల్చే మనిషికి బీపీకో, గుండె దడకో కొత్త మాత్ర రాసినప్పుడు ముందుగా చేయవలసిన పని, స్ట్రిప్పు మీద బ్రాండు పేరుతో పాటు చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు చదవడం. ఆ పేరు ‘లాల్’తో ముగిస్తే, అంటే ప్రొప్రనలాల్, అటెనలాల్, కార్వెడిలాల్ వంటిదైతే, అది గుండె వేగాన్ని తగ్గించే ‘బీటా బ్లాకర్’ రకం మందు కావచ్చు. ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ పేరు కూడా చెవికి అలాగే వినిపిస్తుంది గాని, దాని చివర ఉన్నది ‘మాల్’, దాని పని పూర్తిగా ఎదురు. షాపులో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలే ఇస్తే పేరున్న ముక్క అక్కడే ఉండిపోతుంది కాబట్టి, కవరు మీద పేరు రాయించుకోవాలి.

సాల్బుటమాల్ ఊపిరి గొట్టాలలోని బీటా-2 గ్రాహకాలను (మందు వచ్చి అతుక్కునే చోట్లను) ప్రేరేపించి గొట్టాలను వదులు చేస్తుంది. ప్రొప్రనలాల్ గుండెలోని బీటా-1 గ్రాహకాలతో పాటు వీటినీ అడ్డుకుంటుంది. దానివల్ల గొట్టాలు బిగుసుకుపోవడమే కాక, ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్ పీల్చినా తగిన గుణం కనిపించకపోవచ్చు. నా దృష్టిలో ఈ రెండోదే ఎక్కువ భయపడవలసిన సంగతి. బిసోప్రొలాల్, మెటోప్రొలాల్, నెబివొలాల్ ప్రధానంగా గుండె మీద పనిచేస్తాయి గనుక, అవసరమైతే వైద్యులు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి గమనిస్తూ ఇస్తారు. అయితే మోతాదు పెరిగేకొద్దీ ఆ తేడా చెరిగిపోతుంది.

ప్రొప్రనలాల్‌ను మైగ్రేన్‌కు, చేతి వణుకుకు, థైరాయిడ్ దడకు కూడా రాస్తారు కనుక, గుండె జబ్బు లేదన్న ధీమా పనికిరాదు. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బుకు వేసే టిమొలాల్ చుక్కలదీ ఇదే దారి: కంట్లో వేసిన మందు ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. ఏ మందులు వాడుతున్నారని అడిగితే కంటి చుక్కల ఊసెత్తేవారు అరుదు.

ఇది చదివి మాత్ర మానేయకూడదు. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే గుండె నొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. మార్చవలసింది, మెల్లగా తగ్గించవలసింది వైద్యులే.

సాల్బుటమాల్ వల్ల గుండె వేగం పెరుగుతుంది. ఎక్కువ మోతాదులో, ముఖ్యంగా మందును పొగమంచులా మార్చి పీల్పించే నెబ్యులైజర్‌తో, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. ఫ్యురోసెమైడ్ వంటి నీరు తీసే మాత్రలూ పొటాషియాన్ని తగ్గిస్తాయి కాబట్టి, పైగా డిజాక్సిన్ అనే గుండె మందు కూడా వాడుతుంటే గుండె లయ తప్పే ప్రమాదముంది, రక్తపరీక్ష అడగండి. ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వేసుకునేవారికి వెరాపమిల్ గాని డిల్టియాజెమ్ గాని (ఇవి బీపీకి, గుండెకు వాడే మందులు) తోడైతే, థియోఫిలిన్ రక్తంలో పేరుకుని వాంతులు, దడ రావచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు మొదలుపెట్టాక వచ్చే పొడిదగ్గును ఆస్తమా అనుకొని ఇన్‌హేలర్ పెంచుకుంటూ పోవడమూ ఉంది.

ఇన్‌హేలర్ పీల్చినా ఆయాసం తగ్గక, ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోతే 108కు ఫోన్ చేయండి. వచ్చినవారికి మొదటి మాటగా బీటా బ్లాకర్ సంగతి చెప్పి, స్ట్రిప్పు చేతికివ్వండి. వేరే మార్గంలో గొట్టాలను తెరిచే ఇప్రట్రోపియం వంటి మందును తోడు చేయాలా అన్నది వారు అప్పుడే ఆలోచించగలరు.