కస్టమ్ వైట్ బ్యాలెన్స్: షూట్‌కి ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఒకసారి ఒక హాల్లో పసుపు బల్బుల కింద గ్రే కార్డ్ (రంగు కొలవడానికి వాడే తటస్థ బూడిదరంగు అట్ట) పెట్టి, శ్రద్ధగా వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే వచ్చేలా కెమెరా రంగులు సర్దే సెట్టింగ్, సెట్ చేసుకున్నాను. రెండు గంటలపాటు రంగులు చక్కగా వచ్చాయి. తర్వాత గ్రూప్ ఫొటో కోసం అందరూ బయటికి వచ్చారు. నేనూ వచ్చాను, సెట్టింగ్ మాత్రం హాల్లోదే ఉండిపోయింది. ఎండలో కెమెరా స్క్రీన్ సరిగ్గా కనబడక గమనించలేదు. ఇంటికెళ్ళి చూస్తే మొహాలన్నీ నీలం. అన్నీ జేపెగ్‌లే (కెమెరా రంగులు ఖాయం చేసేసి దాచే ఫైళ్ళు) కావడంతో ఎంత దిద్దినా చర్మం రంగు పూర్తిగా వెనక్కి రాలేదు. ఆ మనుషులందరూ మళ్ళీ ఒకచోట చేరడం కుదిరే పని కాదు.

అందుకే ముందుగా చెప్పేది ఇది: కస్టమ్ వైట్ బ్యాలెన్స్, అంటే కార్డు చూపించి మనమే కొలిచి పెట్టుకున్న సెట్టింగ్, ఏ వెలుతురులో తీసుకున్నామో ఆ వెలుతురుకే పనికొస్తుంది. వెలుతురు మారితే అది తప్పుడు సెట్టింగే. ఆటో వైట్ బ్యాలెన్స్ అయితే కొంచెం అటూఇటూగా అయినా తనంతట తాను సర్దుకుంటుంది. కస్టమ్‌లో మనం మార్చేదాకా మారదు. కాబట్టి దాన్ని వాడబోయేవాళ్ళు సెట్ చేయడం ఎంత బాగా నేర్చుకుంటారో, ఎప్పుడు మార్చాలో కూడా అంతే బాగా గుర్తుపెట్టుకోవాలి.

కంటిని నమ్ముకుంటే ఇక్కడ కుదరదు. వెలుతురు రంగుని కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ పసుపు నుంచి నీలం వైపు వెళ్తుంది. కొవ్వొత్తి వెలుతురు సుమారు 1,900 కెల్విన్, పాతకాలపు ఫిలమెంట్ బల్బు 2,700 నుంచి 3,000 దాకా, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర, నీడ 7,000 పైన. ఇంత తేడా ఉన్నా, కాసేపు ఆ వెలుతురులో ఉంటే తెల్ల చొక్కా మనకు తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే మెదడు సర్దేస్తుంది. పసుపు గదిలో కూర్చుని కెమెరా స్క్రీన్ చూసి రంగు బాగుందని తేల్చుకోవడం కూడా అలాంటి పొరపాటే. అప్పటికే మన కన్ను ఆ పసుపుకి అలవాటు పడిపోయి ఉంటుంది.

ఇక దేన్ని చూపించి సెట్ చేయాలి? చాలామంది తెల్ల కాగితం తీస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రింటర్ కాగితాల్లో ఎక్కువ వాటికి తెల్లగా మెరవడం కోసం ఒక రసాయనం కలుపుతారు. అది కంటికి కనబడని అతినీల కిరణాలను పీల్చుకుని నీలం వెలుతురుగా వదులుతుంది. కిటికీ దగ్గర అలాంటి కాగితాన్ని, గ్రే కార్డ్‌ని పక్కపక్కన పట్టుకుని చూడండి, కాగితంలో సన్నని నీలి ఛాయ కనబడుతుంది. ఆ కాగితంతో సెట్ చేస్తే కెమెరా ఆ నీలాన్ని తగ్గించబోయి ఫొటోనంతా పసుపు వైపు లాగేస్తుంది. గోడలు, కర్చీఫులు, టేబుల్ క్లాత్‌లదీ ఇదే సమస్య. వైట్ బ్యాలెన్స్ కోసమే తయారుచేసిన గ్రే కార్డ్ ఒకటి బ్యాగులో పడేసుకోండి. ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) కొలవడానికి అమ్మే 18 శాతం గ్రే కార్డులన్నీ రంగు విషయంలో తటస్థంగా ఉండవు, కొనేటప్పుడు అది చూసుకోవాలి. కార్డు మీద వేలిముద్రలు, మరకలు పడకుండా కవర్లో పెట్టండి.

కార్డు పట్టుకునే చోటే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మనం నిలబడ్డ చోట కాదు, ఫొటోలో ఉండబోయే మనిషి మొహం దగ్గర, కెమెరా వైపు తిరిగి ఉండాలి. ఆరుబయట కార్డుని కాస్త పైకి వంచితే ఆకాశపు నీలం దానిమీద పడుతుంది. పచ్చిక మీద కిందికి వంచితే ఆకుపచ్చ పడుతుంది. ఎర్ర చొక్కా వేసుకుని కార్డుని ఒంటికి దగ్గరగా పట్టుకున్నా చాలు, ఆ ఎరుపు కార్డు మీద వాలుతుంది. ఆ మనిషినే కార్డు పట్టుకోమంటే మేలు. మన నీడ మాత్రం దానిమీద పడకూడదు.

ఫ్రేము మధ్యభాగం మొత్తం కార్డుతో నిండాలి. ఖాళీ కార్డు మీద ఆటోఫోకస్ తడుముకుంటుంది, అందుకని మాన్యువల్ ఫోకస్‌కి మార్చేయండి. కార్డు మసకగా వచ్చినా నష్టం లేదు. ఎక్స్‌పోజర్ మాత్రం ముఖ్యం. కార్డు తెల్లగా కాలిపోతే రంగుల నిష్పత్తి తప్పిపోతుంది, మరీ చీకటిగా ఉంటే నాయిస్ (రంగు చుక్కల గరుకు) కలుస్తుంది. హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్‌లో, కార్డు గీత మధ్యలో ఉంటే సరిపోతుంది. కానన్ కెమెరాల్లో చాలావాటికి ముందు ఫొటో తీసి, మెనూలో ఆ ఫొటోని ఎంచుకుని, ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్‌ని విడిగా కస్టమ్‌కి మార్చాలి. ఈ చివరి మెట్టు మర్చిపోతే ముందు చేసినదంతా వృథా. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో ప్రీసెట్ మాన్యువల్‌లో కొలుస్తాం, సరిగ్గా కుదిరితే ‘జీడీ’ (Gd, అంటే గుడ్) అని చూపిస్తుంది. ‘నో జీడీ’ అని వస్తే మళ్ళీ తీయాలి.

ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీల కింద ఇంకో జాగ్రత్త ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఇవి చాలావరకు సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 సార్లు మిణుకుతాయి. మన కంటికి తెలియదు. కానీ 1/500 సెకను లాంటి షట్టర్ వేగంతో కార్డు తీస్తే ఆ మిణుకులో ఒక ముక్క మాత్రమే పట్టుకుంటాం, రంగు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. కరెంటుని బట్టి 1/50 లేదా 1/60 దగ్గర కార్డు తీయండి, ఫొటోలు కూడా వీలైనంతవరకు అంతకు దగ్గరగానే.

నిజంగా టెన్షన్ పెట్టేది కలగలిసిన వెలుతురు. ఒక చెంప మీద కిటికీ వెలుగు, రెండో చెంప మీద పసుపు బల్బు ఉంటే ఏ సెట్టింగూ రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. ఒక చెంప సరిగ్గా వస్తే రెండోది నీలంగానో నారింజగానో ఉంటుంది. కార్డుతో కుస్తీ పట్టేకంటే బల్బు ఆర్పేయడమో, కర్టెన్ వేయడమో, మనిషిని పక్కకి జరపడమో చేయండి. ఫ్లాష్ వాడితే కార్డు ఫొటో కూడా ఫ్లాష్‌తోనే తీయాలి. ఫ్లాష్ వెలుతురు పగటి వెలుతురు లాంటిది కాబట్టి వెనక బల్బుల వెలుగు నారింజగా మిగులుతుంది. ఫ్లాష్‌కి నారింజ జెల్ (రంగు పారదర్శక షీటు) తగిలించి, అప్పుడు కొలిస్తే ముందూ వెనకా కలుస్తాయి.

స్టేజీ మీద ఎరుపు, ఊదా ఎల్ఈడీలు తిరుగుతున్నప్పుడు కొలవకండి. అక్కడ సరిచేయడానికి మిగతా రంగులే ఉండవు. మామూలు తెల్ల లైటు వేసినప్పుడు ఒకసారి కొలిచి అలాగే ఉంచేయండి. సూర్యాస్తమయానికీ కస్టమ్ వద్దు, మనం తీయాలనుకున్న బంగారు రంగునే అది కడిగేస్తుంది.

రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా రంగులు ఖాయం చేయని ఫైల్‌గా తీస్తే వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకోవచ్చు, నాణ్యత పోదు. అయినా ఒక్కో వెలుతురులో కార్డుతో ఒక్క ఫ్రేము తీసిపెట్టుకోండి, ఎడిటింగ్‌లో దానిమీద ఒక క్లిక్‌తో ఆ గది ఫొటోలన్నీ సర్దుకుంటాయి. మామూలు వీడియోకి ఆ సౌకర్యం లేదు, రంగు రికార్డింగ్‌లోనే స్థిరపడిపోతుంది. రెండు కెమెరాలు వాడుతుంటే రెండింటికీ అదే కార్డు, అదే చోట.

నేనిప్పుడు గుమ్మం దాటిన ప్రతిసారీ వైట్ బ్యాలెన్స్ బటన్ మీద వేలు పెడతాను. కొలవడానికి టైం లేకపోతే వెంటనే ఆటోకి తిప్పేస్తాను. షూట్ అయ్యాక కూడా ఆటోలో పెట్టి, ఆ తర్వాతే కెమెరా బ్యాగులో పెడతాను.