పాత నియాన్ ట్యూబులు మళ్లీ వెలిగాయి

వరంగల్‌లో ఒక పాత సామాను కొట్లో, మూతపడ్డ దుకాణం బోర్డు నుంచి పీకిన నియాన్ ట్యూబులు దొరికాయి. "వెలుగుతయో లేదో గ్యారంటీ లేదు సార్" అన్నాడు కొట్టాయన.

ట్రాన్స్‌ఫార్మర్‌కు కలపకముందే స్పార్క్ టెస్టర్ ఆనించాను; గాజు బయటి నుంచే హై వోల్టేజ్ స్పార్క్‌తో లోపలి గ్యాస్‌ను పరీక్షించే చేతి పరికరం అది. గ్యాస్ బాగుంటే వైర్లు లేకుండానే వెలుగుతుంది. ఒకేచోట ఎక్కువసేపు ఆనిస్తే గాజుకు కన్నం పడొచ్చు. ఎర్రది వెంటనే వెలిగింది. ఇంకొకటి ఉలకలేదు, గాలి చొరబడినట్టుంది. గ్యాస్ మళ్లీ నింపేవాళ్లకే పంపాలి.

పెద్ద తలనొప్పి నీలిదానితో. నియాన్ అంటాం గానీ అందులో ఉండేది ఆర్గాన్, కాస్త పాదరసం. ఆ పాదరసమంతా ఒక చివర చేరి, మిగతా భాగం వెలవెలబోయింది. ట్యూబును మెల్లగా ఏటవాలుగా తిప్పి పాదరసాన్ని పొడవునా పాకించి, కొన్ని గంటలు వెలిగించి ఉంచితే రంగు నిండింది. పగిలితే పాదరసం ఆవిరి ప్రమాదం, అందుకే కిటికీలు తెరిచే ఈ పని.

ఎర్రదేమో ట్రాన్స్‌ఫార్మర్ మీద మినుకుమినుకుమంది. లైటార్పి చూస్తే కేబుల్ దగ్గర సన్నటి నీలి మెరుపు: తొడుగు పగిలి ఇనుప ఫ్రేములోకి కరెంటు లీకవుతోంది. ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్లు 15,000 వోల్టుల దాకా ఇస్తాయి, ఇంటి వైరు పనికిరాదు. నియాన్ కేబులే కొత్తది వేసి, ఫ్రేముకు ఎర్త్ ఇచ్చాను. ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టండి.