బ్యాంకు నుంచి వేరొకరి ఖాతాకు డబ్బు పంపడం: ఫారంలో ఆగి చూసుకోవలసిన గడి

పలాసలో జీడిపిక్కల కార్ఖానాలో పనిచేసే ఒకామె, విశాఖపట్నంలో నర్సింగు చదువుతున్న కూతురి ఫీజు 32,000 రూపాయలు కళాశాల ఖాతాకు పంపడానికి బ్యాంకుకు వెళ్లారు. బయట ఫారాలు నింపే వ్యక్తి వంద రూపాయలు తీసుకుని ఫారం రాసిచ్చాడు, ఆమె సంతకం పెట్టారు. డబ్బు అందలేదని మూడు రోజుల తరువాత కళాశాల నుంచి ఫోను వచ్చింది. ఖాతా సంఖ్యలో రెండు అంకెలు తారుమారయ్యాయి. ఆ సంఖ్య మరెవరిదో కావడంతో డబ్బు అక్కడ జమ అయిపోయింది. ఆ ఖాతాదారు ఒప్పుకున్నాకే తిరిగి వచ్చింది. ఆమె పడిన బాధ దగ్గరుండి చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఫారం బ్యాంకులో ఉచితంగా దొరుకుతుంది. బ్యాంకు ఖాతాలకు డబ్బు పంపే రెండు పద్ధతులు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్. 2 లక్షల లోపు అయితే నెఫ్ట్ అని, 2 లక్షలు, ఆపైన అయితే నెఫ్ట్ అనిగానీ ఆర్‌టీజీఎస్ అనిగానీ గుర్తు పెట్టాలి. మీ ఖాతా సంఖ్య, ఫోను నంబరు రాయాలి, పంపే మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. చెక్కు అడిగితే జతచేయాలి. ఆ బ్యాంకులో మీకు ఖాతా లేకపోయినా, చిరునామా, గుర్తింపు వివరాలిచ్చి నగదుతో 50,000 రూపాయల వరకు నెఫ్ట్ చేయవచ్చు. ఇంతవరకు ఎవరికీ పెద్దగా ఇబ్బంది రాదు.

ఇబ్బంది అంతా డబ్బు అందుకునేవారి ఖాతా సంఖ్య రాసే గడిలోనే ఉంది. పేరు సరిగా రాశాం కదా, సంఖ్యలో పొరపాటు ఉంటే బ్యాంకువారే పట్టుకుంటారు అని చాలామంది ధైర్యం. అది నిజం కాదు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు జమ అయ్యేది ఖాతా సంఖ్యను బట్టే, పేరును బట్టి కాదు. అసలు లేని సంఖ్య రాస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఉన్న సంఖ్యే అయి, అది వేరొకరిది అయితే మాత్రం అవతలి మనిషి మంచితనం మీద ఆధారపడవలసిందే.

అందుకే సంఖ్యను వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటోనుంచి ఎత్తి రాయకండి. డబ్బు అందుకునేవారి పాస్‌బుక్కు మొదటి పేజీగానీ, వారి రద్దుచేసిన చెక్కుగానీ ముందు పెట్టుకుని ఒక్కొక్క అంకె రాయండి. తరువాత చివరి అంకె నుంచి వెనక్కి చదివి సరిచూడండి. ఇంకొక మంచి ఏర్పాటు కూడా ఉంది. ఖాతా సంఖ్య, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు (ఏ బ్యాంకు, ఏ శాఖ అన్నది తెలిపేది) ఇస్తే ఆ ఖాతా ఎవరి పేరున ఉందో పంపేముందే చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. శాఖకు వచ్చినవారికీ ఇది వర్తిస్తుంది, రుసుము లేదు. "ఈ ఖాతా ఎవరి పేరున ఉందో చూసి చెప్పండి" అని కౌంటరులో అడగండి. అది మీ హక్కు, మొహమాటం వద్దు.

ఐఎఫ్‌ఎస్‌సీ కోడులో మొత్తం 11 స్థానాలుంటాయి. ఐదోది ఎప్పుడూ సున్నాయే, ఇంగ్లీషు 'O' అక్షరం కాదు. మన శ్రీకాకుళం జిల్లాలో పాత పాస్‌బుక్కులతో వచ్చే చిక్కు ఇంకొకటి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, దాని పాత కోడులు ఆ మరుసటి ఏడాది చెల్లకుండా పోయాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు మన జిల్లాలో ఉన్న శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమయ్యాయి. ఊళ్లో అమ్మానాన్నల పాస్‌బుక్కు అప్పటిదైతే, ఇప్పటి కోడు ఏదో వారి శాఖలో అడిగి తెలుసుకున్నాకే పంపండి. చెన్నై, హైదరాబాదు నుంచి డబ్బు పంపే మన వలస కార్మికులు ఈ సంగతి ముందుగా చూసుకోవాలి.

ఫారం రాయడం రాకపోతే సిగ్గుపడవలసిన పని లేదు, లోపల సిబ్బందిని అడగండి. బయటివారి చేత రాయించుకోక తప్పకపోతే, ఖాళీ ఫారం మీద సంతకం మాత్రం పెట్టకండి. నగదు తమ చేతికిస్తే "నా ఫోను నుంచి పంపేస్తాను" అని వారంటే నమ్మకండి. వారి ఫోనులో చూపించే సందేశం మీకు రసీదు కాదు. శాఖలో నెఫ్ట్‌కు బ్యాంకు వసూలు చేయగల గరిష్ఠ రుసుము 10,000 వరకు రెండున్నర రూపాయలు, లక్ష వరకు 5, రెండు లక్షల వరకు 15, దానికి జీఎస్‌టీ అదనం. బయట వంద ఇచ్చేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ముద్ర వేసిన రసీదు, దాని మీద యూటీఆర్ నంబరు (ఆ పంపకానికి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోకుండా కౌంటరు వదలకండి. నెఫ్ట్ అరగంటకొక విడతగా రోజంతా నడుస్తుంది కాబట్టి సాయంత్రానికి అవతలివారికి అందిందో లేదో ఫోను చేసి కనుక్కోండి. అందకపోతే ఆ యూటీఆర్‌తో మరునాడే శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం చేయించుకోండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. మోసం జరిగిందని అనుమానం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే నిలిపివేయించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.